‘రెండు సంతల నుంచి’ అన్న మాట ఎవరిది?

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకి ఆ పద్ధతి లేదు కాబట్టి, అప్పటిదాకా సాయంత్రం 7:30కి అమెరికా వాళ్లతో జరిగే మా విశాఖ ఆఫీసు ప్రాజెక్ట్ కాల్ ఆ వారం నుంచి రాత్రి 8:30కి వెళ్లిపోతుంది. అవతలి వాళ్లకి ఏడాది పొడుగునా అది పొద్దున్న పది గంటల కాల్. కాఫీ కప్పుతో వచ్చి కూర్చుంటారు. మా టీంలో ఒక అమ్మాయి ఉంది, ఇల్లు పెందుర్తి దాటాక ఇంకా లోపలికి. కాల్ అయ్యేసరికి పది. ఆ టైముకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దొరికినా, దిగిన చోట నుంచి ఇంటికి ఆటో ఉండదు. అందుకని వాళ్ల నాన్నగారు బండి వేసుకుని మహారాణిపేట దాకా వచ్చి మా ఆఫీసు మెట్ల కింద నిలబడేవారు. మార్చిలో మళ్లీ గడియారాలు మారేదాకా, ప్రతి మంగళవారం అంతే. ఈ సంగతి నాకు మూడో నెలలో కానీ తెలియలేదు. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "పర్లేదు మేడం" అంది.

ఆ "పర్లేదు మేడం" నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను, నా పక్కన ఉన్నవాళ్లందరూ అన్నారు, ఇప్పటికీ విదేశీ యూనివర్సిటీలతో కలిసి నడిచే ఆరోగ్య పరిశోధన ప్రాజెక్టుల్లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరి నోటా మొదట వచ్చేది ఆ మాటే. దాని గురించే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

నేను విశాఖలో ఈ పని మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను, ఇప్పుడు రెండు ప్రాజెక్టులకి ఇక్కడి వైపు బాధ్యత నాది. మధ్యలో చూసినవన్నీ రాయాలంటే ఒక పోస్టు చాలదు కాబట్టి ఒక్క సంఘటన దగ్గర నుంచి మొదలుపెడతాను.

మానసిక ఆరోగ్యం మీద సర్వే. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, ప్రపంచమంతా వాడతారు. "గత రెండు వారాల్లో ఈ కింది ఇబ్బందులు మిమ్మల్ని ఎంత తరచుగా బాధించాయి?" అని మొదలవుతుంది. జవాబులు నాలుగే: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు, మొత్తం కలిపి 27. ఫారం తెలుగులోకి వచ్చింది, తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి సరిచూసుకున్నారు, కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. పాడేరు వైపు ఒక ఊళ్లో మొదటిరోజు కూర్చున్నాం. అరుగు మీద ఒక పెద్దావిడ, ఎదురుగా మా పెందుర్తి అమ్మాయి, పక్కన ఆశా కార్యకర్త. "గత రెండు వారాల్లో" అనగానే ఆవిడ ఆశా వైపు చూసింది. ఇంకోసారి చదివితే తల ఊపింది కానీ అది అర్థమై ఊపింది కాదు. "సగానికి పైగా రోజులు" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ మౌనంగా ఉండిపోయింది.

మా అమ్మాయి ఫారం పక్కన పెట్టింది. "అమ్మా, మొన్న సంతకి వెళ్లావా?" అంది. వెళ్లానంది. "ఆ ముందు సంతకి?" వెళ్లలేదంది. "ఆ ముందు సంత నుంచి ఇవాళ్టి దాకా, నిద్ర పట్టని రాత్రిళ్లు ఎన్ని?" అని అడిగి, అరుగు చివర ఎండబెట్టిన చింతపిక్కల్లోంచి పద్నాలుగు తీసి ఆవిడ ముందు వరసగా పెట్టింది. ఒక్కో పిక్క ఒక్కో రోజు. నిద్ర పట్టని రోజులన్నీ పక్కకి జరపమంది. ఆవిడ ఒక్కొక్కటీ వేలితో తోస్తూ, ఇది కొడుకు రైలెక్కిన రోజు, ఇది వాన పడి కప్పు కారిన రాత్రి అని చెప్పుకుంటూ తొమ్మిది జరిపింది. తొమ్మిది అంటే సగానికి పైగా. ఫారంలో టిక్ పడింది.

ఆ రోజు రాత్రే మేమంతా కూర్చుని ప్రశ్నలన్నీ సంతల్లోకి, పిక్కల్లోకి మార్చుకున్నాం. ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాం, వాళ్లు ఒప్పుకున్నాక సర్వే మొత్తం అలాగే నడిచింది.

ఇప్పుడు అసలు విషయం. తర్వాతి కాల్‌లో అవతలి ప్రొఫెసర్ గారు ఈ మార్పు గురించి అడిగారు, ఎంతో ఆసక్తిగానే అడిగారు. చెప్పింది నేను. ఆ అమ్మాయి అదే గదిలో నా పక్కనే, మ్యూట్‌లో ఉంది. నువ్వు చెప్పమ్మా అనాలని నాకు తట్టలేదు. టైము తక్కువ ఉంది, ఇంగ్లిష్‌లో త్వరగా చెప్పేయాలి అనుకున్నాను, చెప్పేశాను, అయిపోయింది. తర్వాత వ్యాసం డ్రాఫ్ట్ వచ్చినప్పుడు, పని ఎలా చేశామో చెప్పే మెథడ్స్ భాగంలో ఆ సంతలు, చింతపిక్కలు అన్నీ కలిపి ఒకే వాక్యం: ప్రశ్నావళిని స్థానిక సంస్కృతికి అనుగుణంగా మార్చాము. మార్చాము అంటే ఎవరు? రచయితల వరసలో ఆమె పేరు లేదు. కృతజ్ఞతల్లో "ఫీల్డ్ సిబ్బందికి" అని ఉంది.

ఆ డ్రాఫ్ట్ చదువుతుంటే నాకు నా పాత సంగతి కళ్లముందుకి వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక విదేశీ భాగస్వామ్య ప్రాజెక్టులో ఏడాదిన్నర పాటు ఇల్లిల్లూ తిరిగాను. డేటా క్లీనింగ్ నేనే చేశాను, మొదటి టేబుల్స్ నేనే వేశాను. కాంట్రాక్ట్ అయిపోయింది, వచ్చేశాను. రెండేళ్ల తర్వాత ఎవరో ఫ్రెండ్ లింక్ పంపితే చూశాను, నేను వేసిన టేబులే, కాలమ్స్ వరస కూడా మారలేదు, పైన పదకొండు పేర్లు, అందులో నాది లేదు. ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో చీకటి పడేదాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎవరికీ ఏమీ రాయలేదు. రాస్తే రేపు ఉద్యోగానికి ఎవరు సిఫారసు చేస్తారు అన్న భయం. అంత బాధపడిన మనిషిని, అదే పని నా టీంలో అమ్మాయికి జరగబోతుంటే చూస్తూ ఊరుకోబోయాను. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకుండానే ఇలా జరిగిపోతుంది. ఆనాడు నన్ను మర్చిపోయిన వాళ్లు కూడా నిజానికి చాలా మంచివాళ్లు, పండక్కి స్వీట్లు పంపేవాళ్లు.

అందుకే నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటే. జూనియర్లకి దక్కాల్సినవి పెద్దవాళ్ల మంచితనం మీద ఆధారపడకూడదు. ఒప్పందంలో, బడ్జెట్లో, మొదటిరోజే రాసి ఉండాలి.

రచయిత హోదా గురించి ఒక విషయం చాలామంది జూనియర్లకి తెలియదు, తెలిసిన సీనియర్లు చెప్పరు. వైద్య పత్రికలు చాలావరకు ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాలు పాటిస్తాయి. దాని ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: అధ్యయనం ఆలోచనలోనో రూపకల్పనలోనో, లేదా డేటా సేకరణలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర, వ్యాసం రాయడంలో లేదా గట్టిగా సరిదిద్దడంలో పాత్ర, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీగా ఉంటానన్న అంగీకారం. "ఆమె డేటా సేకరించింది అంతే, రాయలేదు కదా, కాబట్టి రచయిత కాదు" అని మనవాళ్లు రెండో షరతు చూపించి తేల్చేస్తారు. అసలు రాయమని పిలిస్తే కదా రాసేది! డ్రాఫ్ట్ ఉన్న ఈమెయిల్ ఆమెకి వెళ్లకపోతే ఆమె ఏం సరిదిద్దుతుంది? ఇలా వాడతారనే ఆ నియమాల్లోనే ఇంకో మాట ఉంది. మొదటి షరతుకి సరిపోయిన వాళ్లందరికీ రాయడంలో, సమీక్షలో, ఆమోదంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని, మిగతా షరతుల్ని వాళ్లని తప్పించడానికి సాధనంగా వాడకూడదని స్పష్టంగా రాశారు. ఆ పేరా ప్రింట్ తీసి మా ఆఫీసు గోడకి అంటించాను. మీరూ అంటించండి.

2022లో కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచ పరిశోధనా నైతికత మహాసభ నుంచి వచ్చిన ప్రకటన కూడా ఇదే చెబుతుంది, భాగస్వామ్యాల్లో న్యాయం లేకపోతే ఆ పరిశోధన నైతికతే దెబ్బతింటుందని. చదవాల్సిన పత్రం. కాకపోతే ప్రకటనలు చాలా వచ్చాయి, మా అమ్మాయి ఉద్యోగం మాత్రం ఇప్పటికీ పదకొండు నెలల కాంట్రాక్టే.

ఉద్యోగం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పేరు రావడం కంటే ముందు బతుకు గడవాలి.

విదేశీ భాగస్వామ్యం, విదేశీ నిధులు ఉన్న ఆరోగ్య పరిశోధనకి మన దేశంలో ఎథిక్స్ కమిటీతో పాటు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. ఉండాల్సిందే, మన వాళ్ల రక్తం, మన వాళ్ల వివరాలు ఎక్కడికి పోతున్నాయో చూసేవాళ్లు ఉండాలి. కానీ దానికి నెలలు పడుతుంది. అవతల గ్రాంట్ గడియారం మొదలైపోతుంది. ఆ నెలల్లో జీతం ఎవరిస్తారు? చాలా బడ్జెట్లలో ఆ నెలలు అసలు ఉండవు. సెలెక్ట్ అయ్యావమ్మా అని చెప్పి, అనుమతి వచ్చాక పిలుస్తాం అంటారు. పిల్లలు ఉన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటారు. ప్రాజెక్ట్ చివర్లోనూ ఇదే కథ. డేటా సేకరణ అవగానే ఫీల్డ్ జీతాలు ఆగిపోతాయి, అసలైన రాత పని అప్పుడే మొదలవుతుంది. వ్యాసాలు రాసే కాలానికి అక్కడి పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాళ్లకి) జీతం ఉంటుంది, ఇక్కడి అమ్మాయికి ఉండదు. మరి వ్యాసం మీద మొదటి పేరు, ఫస్ట్ ఆథర్, ఎవరవుతారు?

విదేశీ విరాళాలని నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక సంస్థకి వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి బదిలీ చేయడం కుదరదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. దాని మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. భాగస్వాములకి మాత్రం ఒక మాట చెప్పాలి. ఢిల్లీలోని పెద్ద సంస్థకి డబ్బు పంపి, అక్కడి నుంచి ఉత్తరాంధ్రలోని చిన్న సంస్థకి వెళ్తుందిలే అని ప్లాన్ వేసుకుంటే, మధ్యలో ఇరుక్కునేది ఆ చిన్న సంస్థలో చేరిన కొత్తవాళ్లే. ముందే కనుక్కోండి, ఎవరి ఖాతాలోకి ఏ దారిన వస్తుందో.

2025 మే 1న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, కొత్త పద్ధతి సిద్ధమయ్యేదాకా విదేశీ సంస్థలకి సబ్ అవార్డు (గ్రాంటులోంచి ఇచ్చే వాటా) ఉన్న గ్రాంట్లు కొత్తగా గానీ, కొనసాగింపుగా గానీ ఇవ్వబోమని ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో టీ కొట్టు దగ్గర మేం ఆరుగురం నిలబడ్డాం, టీ చల్లారిపోయింది కానీ ఎవరూ తాగలేదు. మాలో పర్మనెంట్ ఉద్యోగం ఉన్నది ఒక్కరికి. టెన్షన్ అందరిదీ ఒకటి కాదు. ప్రొఫెసర్‌కి ప్రాజెక్ట్ పోతుంది. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లకి వచ్చే నెల అద్దె పోతుంది.

ఇక్కడ నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ వెళ్లిన మనిషి. శరీరద్రవాల్లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి మీద 1925లో వచ్చిన వ్యాసంలో హార్వర్డ్‌లోని ఫిస్కే పేరు పక్కన ఆయన పేరు ఉంది, అప్పటికి ఆయనకి పీహెచ్‌డీ కూడా రాలేదు. ఆ ఒక్క పేరు అక్కడ ఉన్నందుకే వందేళ్లుగా దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటున్నాం. అదే మనిషికి హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చినదే ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్ర, మన ఊళ్లల్లో ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్ర. ఒక జూనియర్ పేరు వ్యాసం మీద ఉండటం ఎంత విలువైందో, పేరొక్కటీ ఉంటే సరిపోదని కూడా అంతే స్పష్టంగా చెప్పే జీవితం అది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఊళ్లో జనానికి జవాబు చెప్పేది జూనియర్లే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కిడ్నీ జబ్బు ఏళ్లుగా మనుషుల్ని తీసుకుపోతోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎంతమంది వచ్చారో, ఎన్ని శాంపిళ్లు తీసుకెళ్లారో. కవిటి దగ్గర ఒక కొబ్బరితోటలో మా టీం కుర్రాడు కన్సెంట్ ఫారం చదువుతుంటే ఒక పెద్దాయన మధ్యలో ఆపి, "ముందోపాలి ఒట్టుకెల్లిన నెత్తురు ఏటయ్యింది బాబూ?" అని అడిగాడు. ఆ ముందోపాలి వచ్చింది మేం కాదు. ఆ విషయం ఆయనకి అనవసరం. ఆ కుర్రాడి వయసు 24. చేతిలో ఫారం, మెడలో ఐడీ కార్డు, దాని మీద ఆ పెద్దాయన పేరు కూడా వినని ఒక యూనివర్సిటీ లోగో. వాడు ఏం చెప్తాడు? ఆ రోజు ఫారం మూసేసి అక్కడే కూర్చున్నాడు, ఆయన కొడుకు డయాలసిస్‌కి ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో అంతా విన్నాడు. శాంపిల్ తీసుకోలేదు. సాయంత్రం ఆఫీసుకి వచ్చి టార్గెట్ తగ్గిందని భయపడుతూ చెప్పాడు. నేను కోప్పడలేదు, కానీ అవతలి వైపు పంపే వారం రిపోర్టులో ఆ రోజు దగ్గర "సున్నా" అనే ఉంది. ఆ సున్నాలో ఏముందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఫలితాలు ఊరికి తిరిగి చెప్పడానికి డబ్బు బడ్జెట్లో ఉంటే ఆ కుర్రాడికి ఒక జవాబు ఉంటుంది. కాన్ఫరెన్స్ ప్రయాణాలకి ఒక లైను ఉంటుంది, ఊరికి తిరిగి వెళ్లడానికి ఉండదు. ఆ కాన్ఫరెన్స్ లైను కూడా జూనియర్ దాకా రావడం కష్టమే. అమెరికా వీసా అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాలి, పదకొండు నెలల కాంట్రాక్ట్ కాగితం చూసి ఆఫీసర్ ఏమనుకుంటాడో అని రాత్రంతా నిద్ర ఉండదు. ఖర్చు ముందు నువ్వు పెట్టు, తర్వాత ఇస్తాం అంటారు. రెండు నెలల జీతం ముందు పెట్టగల ఇల్లు ఎంతమందికి ఉంటుంది? కాబట్టి డబ్బున్న ఇంటి పిల్లలే వెళ్లొస్తారు, పరిచయాలు వాళ్లకే పెరుగుతాయి.

చదువుకునే వ్యాసాల సంగతీ అంతే. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకి దాదాపు 13,000 జర్నల్స్ అందుతున్నాయి, చాలా మంచి పని. కానీ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మా పిల్లలు ఆ లెక్కలోకి రారు. అవతలి యూనివర్సిటీ ఒక విజిటింగ్ లాగిన్ ఇస్తే తీరిపోయే సమస్య ఇది. అడిగాం, ఇచ్చారు. అడగాలని మాకు తట్టడానికే ఆరేళ్లు పట్టింది.

మరి ఏం చేశామో చెప్తాను. చింతపిక్కల వ్యాసం విషయంలో నేను అవతలి ప్రొఫెసర్ గారికి మెయిల్ రాశాను. రాసేముందు రెండు రోజులు ఆలోచించాను, తప్పు మొదట నాదే కాబట్టి అదే మొదటి వాక్యంగా పెట్టాను. ఆవిడ గంటలో జవాబిచ్చారు. నాకు తెలియదు, ఆమె చేత మెథడ్స్ రాయించండి, నేను పక్కన ఉంటాను అన్నారు. ఆ అమ్మాయి నాలుగు వారాలు రాసింది. మొదటి డ్రాఫ్ట్ నిండా ఎర్ర గీతలు పడ్డాయి, ఏడ్చింది, మళ్లీ రాసింది. ఇప్పుడు ఆ భాగం రెండు పేజీలు, అందులో సంత ఉంది, పిక్కలు ఉన్నాయి, ఎందుకు అలా చేశారో ఉంది. రచయితల్లో ఆమె పేరు రెండోది. దాన్నే ఇంకా పెంచి, ప్రశ్నావళి మీద విడిగా ఒక వ్యాసం రాస్తోంది, దానికి మొదటి పేరు ఆమెదే.

కొత్త ప్రాజెక్ట్ ఒప్పందంలో ఒక పేజీ అదనంగా పెట్టించాం. ఏ వ్యాసానికి ఎవరు ముందు, ఎవరు ఏ భాగం రాస్తారు, ఉద్యోగం మారి వెళ్లిపోయినా డ్రాఫ్ట్ వాళ్ల సొంత మెయిల్‌కి వెళ్లాలి, ఇవన్నీ పేర్లతో సహా. డేటా సేకరణ అయ్యాక ఇక్కడి ఇద్దరికి ఆరు నెలల జీతం, రాయడానికే. దీని మీద చాలా వాదన జరిగింది, ఒక ల్యాప్‌టాప్, ఒక విదేశీ ప్రయాణం తీసేసి సర్దారు. అనుమతుల కోసం ఎదురుచూసే మూడు నెలలకి సగం జీతం ఒప్పుకున్నారు, పూర్తిగా అడిగాం, రాలేదు, వచ్చేసారి మళ్లీ అడుగుతాం. ఫెలోషిప్ అప్లికేషన్లు రాసుకోవడానికి వారంలో ఒక పూట వదిలేశాం. హైదరాబాద్‌లో ఉన్న, పరిశోధకులకి నిధులిచ్చే ఇండియా అలయన్స్ లాంటి చోట ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ వస్తే డబ్బు ఆమె పేరు మీద వస్తుంది, అప్పుడు కాల్‌లో ఆమె కూర్చునే తీరే మారిపోతుంది.

కాల్ టైము కూడా మార్చాం. నెలలో రెండు వాళ్లకి అనుకూలంగా, రెండు మనకి అనుకూలంగా. మన వంతు వచ్చినప్పుడు విశాఖలో సాయంత్రం 5:30, చలికాలంలో వాళ్లకి అది పొద్దున్న ఏడు. మొదటిసారి అవతల ఒకరు ఇంకా జుట్టు తడిగా ఉండగానే వచ్చి కూర్చున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ కాల్ నడిపింది మా పెందుర్తి అమ్మాయి. గొంతు కొంచెం వణికింది మొదట్లో. ఒకరు మధ్యలో అందుకుని, రెండు వారాల బదులు సంతలు అంటే కొలత తేడా రాదా అని అడిగారు. నా చెయ్యి అన్‌మ్యూట్ బటన్ దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, సంత తప్పకుండా వారానికి ఒకసారే జరుగుతుందని, మా దగ్గర క్యాలెండర్ లేని ఇళ్లున్నాయి కానీ సంత రోజు తెలియని ఇల్లు లేదని చెప్పింది. కాల్ ఏడు గంటలకల్లా అయిపోయింది. మెట్ల కింద నాన్నగారు లేరు, రావక్కర్లేదని ఫోన్ చేసి చెప్పిందట.

వచ్చే వారం ఫలితాలు చెప్పడానికి ఆ ఊరికి వెళ్తున్నాం, తెల్లవారుజామున కాంప్లెక్స్ నుంచి పాడేరు బస్సుకి. ఈసారి ఆ ఖర్చుకి బడ్జెట్లో లైను ఉంది. పిక్కలు జరిపిన ఆ పెద్దావిడకి ముందుగా చెప్పాలని ఆమె పట్టుబట్టింది, సంత లేని రోజు చూసి పెట్టుకున్నాం.